టూ-స్ట్రోక్ క్వాడ్ బైక్‌లో కంప్రెషన్ తగ్గిందా? పిస్టన్ మార్చే ముందు కారణం కనిపెట్టడం ఎలా?

కిక్ కొడితే కాలికి ఎదురు రావాల్సిన బలం రాదు. తాడు లాగితే పట్టు లేకుండా జారి వచ్చేస్తుంది. పదిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి ఇంజిన్ మేలుకొంటుంది, కాస్త ఎత్తు ఎక్కగానే మళ్లీ నీరసించి ఆగిపోతుంది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో కంప్రెషన్, అంటే సంపీడనం, తగ్గినప్పుడు సాధారణంగా కనిపించే లక్షణాలివి.

ఈ లక్షణాలు చూడగానే చాలామంది వాహన యజమానులు నేరుగా రీబోర్ చేయించి, కొత్త పిస్టన్ వేయిస్తారు. ఇంజిన్ కొద్ది రోజులు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత అదే సమస్య తిరిగి వస్తుంది. కొన్నిసార్లు కొత్త పిస్టన్ మొదటి వారంలోనే సీజ్ అవుతుంది.

కంప్రెషన్ తగ్గడం చాలా సందర్భాల్లో జబ్బు కాదు, జబ్బు మిగిల్చిన గుర్తు. పిస్టన్ అరగడానికి దారితీసిన కారణం ఇంజిన్‌లో అలాగే ఉండిపోతే, ఎన్ని పిస్టన్లు మార్చినా ఫలితం ఉండదు. ఆ కారణాన్ని తక్కువ ఖర్చుతో, ఒక క్రమంలో ఎలా కనిపెట్టవచ్చో ఈ కథనంలో చూద్దాం.

సూరత్‌లో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఎందుకు?

గుజరాత్‌లోని సూరత్ నగరానికి తెలుగువారితో ఉన్న బంధం పాతది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడి మరమగ్గాల పరిశ్రమలో దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉండటం ఈ బంధానికి నిదర్శనం.

రోజుకూలీ మీద బతికే కుటుంబంలో పాత బండికి అనవసరంగా చేయించిన ఒక రీబోర్ ఆ నెల లెక్కలను తలకిందులు చేస్తుంది. పిల్లల కోసం కొన్న చిన్న క్వాడ్ అయినా, అద్దెకు తిప్పే క్వాడ్ అయినా, ఇంట్లో మిగిలిన పాత టూ-స్ట్రోక్ మోటార్‌సైకిల్ అయినా పరీక్షించే పద్ధతి దాదాపు ఒక్కటే.

సూరత్ వాతావరణం కూడా ఈ ఇంజిన్లకు అంత అనుకూలమైనది కాదు. నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని డూమస్ తీరంలో సన్నని నల్లటి ఇసుక, ఉప్పుగాలి ఉంటాయి. వర్షాకాలంలో గాలిలో తేమ అధికం. మీఠీ ఖాడీ పొంగినప్పుడు లింబాయత్, పర్వత్ పాటియా వంటి ప్రాంతాల వీధుల్లోకి నీరు చేరుతుంది.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి భారీగా నీరు విడుదలై తాపీ నది పొంగినప్పుడు నగరంలో అధిక భాగం జలమయమైంది. ఇసుక, ఉప్పు, తేమ, వరద నీరు... ఈ నాలుగూ టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు శత్రువులే.

క్వాడ్‌లలో టూ-స్ట్రోక్ ఇంజిన్లు ఎక్కడివి?

నాలుగు చక్రాలు, సైకిల్ తరహా హ్యాండిల్, గుర్రం మీద కూర్చున్నట్లు కూర్చునే సీటు ఉన్న వాహనాన్ని క్వాడ్ బైక్ లేదా ఏటీవీ అంటారు. 1980లలో అమెరికా మార్కెట్ కోసం జపాన్ సంస్థలు వేగవంతమైన టూ-స్ట్రోక్ క్వాడ్‌లను తయారు చేశాయి. రెండు సిలిండర్ల యమహా బాన్షీ 1987 నుంచి 2006 వరకు అక్కడ అమ్ముడైంది. దాని సామర్థ్యం 347 సీసీ.

భారత్‌లో అలాంటి పెద్ద టూ-స్ట్రోక్ క్వాడ్‌లు అరుదు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి పిల్లల కోసం అమ్మే 49 సీసీ చిన్న క్వాడ్‌లు. వీటిని తాడు లాగి స్టార్ట్ చేస్తారు.

తెలుగు పాఠకులకు బాగా పరిచయమైన టూ-స్ట్రోక్ ఇంజిన్ యమహా ఆర్‌ఎక్స్ 100. ఈ బండి 1985 నుంచి 1996 వరకు భారత్‌లో తయారైంది. దాని సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 50 మిల్లీమీటర్లు, సామర్థ్యం 98 సీసీ. క్వాడ్‌లోని ఇంజిన్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది.

కంప్రెషన్ అంటే ఏమిటి?

పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు సిలిండర్‌లోని గాలి, పెట్రోలు మిశ్రమాన్ని చిన్న జాగాలోకి అదుముతుంది. అలా అదిమిన మిశ్రమానికి నిప్పురవ్వ తగిలితేనే బలంగా మండుతుంది. అదుము చాలకపోతే మంట బలహీనంగా ఉంటుంది, లేదా అసలు అంటుకోదు.

ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ హెడ్‌లో వాల్వులు ఉంటాయి. వాటి నుంచి కూడా గాలి కారవచ్చు. టూ-స్ట్రోక్ హెడ్‌లో వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలోని రంధ్రాలను, అంటే పోర్టులను, పిస్టనే కదులుతూ మూస్తుంది, తెరుస్తుంది. అందువల్ల గాలి కారే దారులు కొన్నే: అరిగిన లేదా ఇరుక్కుపోయిన రింగులు, గీతలు పడిన సిలిండర్ గోడ, చిల్లు పడిన పిస్టన్, దెబ్బతిన్న హెడ్ గాస్కెట్, వదులైన ప్లగ్. గాస్కెట్‌ను మెకానిక్‌లు ప్యాకింగ్ అంటారు.

అయితే టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో గాలి చొరబడకూడని గది మరొకటి ఉంది. అది పిస్టన్ కింద ఉండే క్రాంక్‌కేస్. కార్బురేటర్ నుంచి వచ్చే మిశ్రమం మొదట ఈ కింది గదిలోకే చేరుతుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు అక్కడి నుంచి పై గదిలోకి ఎగదోయబడుతుంది.

పై గదిని కంప్రెషన్ గేజ్ కొలుస్తుంది. కింది గది గురించి ఆ గేజ్ ఏమీ చెప్పదు. చాలా మరమ్మతులు విఫలం కావడానికి మూలం ఇక్కడే ఉంది.

కంప్రెషన్ లోపమేనా, మరొకటా?

గేజ్ పట్టుకునే ముందు, కంప్రెషన్ లోపంలాగే కనిపించే ఇతర లోపాలను పక్కన పెట్టాలి.

ఇంజిన్ సులువుగా స్టార్ట్ అయి, తక్కువ వేగంలో బాగానే నడిచి, ఎక్కువ వేగం అందుకోలేకపోతే సైలెన్సర్‌లో మసి పేరుకుందేమో చూడాలి. ఇంజిన్ శబ్దం పెరుగుతున్నా బండి ముందుకు సాగకపోతే క్లచ్ లేదా బెల్ట్ జారుతున్నట్లు అనుమానించాలి. చోక్ వేస్తేనే నడిచి, తీయగానే ఆగిపోతే కార్బురేటర్ జెట్ మూసుకుపోవడం గానీ, ఎక్కడి నుంచో అదనపు గాలి రావడం గానీ కారణం కావచ్చు.

కిక్ కొడితే రాని బండి తోస్తే స్టార్ట్ అవుతోందా? కిక్ లేదా తాడు ఎదురు బలం లేకుండా కదులుతోందా? ఈ రెండూ ఉంటే కంప్రెషన్ పరీక్షకు సమయం వచ్చినట్టే.

గేజ్‌తో పరీక్ష ఎలా చేయాలి?

ఇంజిన్ స్టార్ట్ అయ్యే స్థితిలో ఉంటే కొన్ని నిమిషాలు నడిపి వేడెక్కించాలి. తర్వాత ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించాలి. గేజ్ మర, ప్లగ్ మర ఒకే కొలతలో ఉండాలి.

ఇంజిన్ ఆఫ్ స్విచ్ వేయాలి. విప్పిన ప్లగ్‌ను దాని క్యాప్‌లో ఉంచి, ఇంజిన్ లోహ భాగానికి గట్టిగా ఆనించి ఉంచడం మంచిది. లేకపోతే సీడీఐ యూనిట్ దెబ్బతినవచ్చు. పరీక్ష సమయంలో పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది కాబట్టి ప్లగ్‌ను రంధ్రానికి దూరంగా పెట్టాలి. దగ్గరలో బీడీ, సిగరెట్, పొయ్యి ఉండకూడదు.

యాక్సిలరేటర్‌ను పూర్తిగా తెరిచి పట్టుకోవాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. యాక్సిలరేటర్ మూసి ఉంటే సిలిండర్‌లోకి గాలి సరిగా చేరదు, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా తక్కువ అంకె చూపిస్తుంది. ఆ తర్వాత గేజ్ ముల్లు ఇక పెరగడం లేదనిపించే వరకు, సుమారు ఐదు నుంచి పదిసార్లు, బలంగా కిక్ కొట్టాలి.

సెల్ఫ్ స్టార్ట్ ఉన్న క్వాడ్‌లో బ్యాటరీ నిండుగా ఉండాలి. నీరసించిన బ్యాటరీ ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పితే అంకె తగ్గుతుంది.

గేజ్ ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. కార్ల కోసం తయారైన కొన్ని గేజ్‌లకు పొడవాటి గొట్టం ఉంటుంది. గాలిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ప్లగ్ వైపు కొనలో కాకుండా గేజ్ దగ్గర ఉంటే, ఆ గొట్టంలోని జాగా కూడా సిలిండర్‌కు తోడవుతుంది. కారు ఇంజిన్‌లో ఆ తేడా స్వల్పమే. 49 సీసీ ఇంజిన్‌లో అదే తేడా చాలా పెద్దది. బాగున్న ఇంజిన్‌ను పాడైందని తేల్చే పొరపాటు ఇలాగే జరుగుతుంది.

అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

మార్పులేవీ చేయని మామూలు టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో సుమారు 120 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 8.4 కిలోల ఒత్తిడి, ఆరోగ్యకరమని మెకానిక్‌లు లెక్కిస్తారు. 100 కంటే తగ్గితే రింగుల మీద అనుమానం మొదలవుతుంది. 90కి దిగువన చాలా ఇంజిన్లు స్టార్ట్ కావడానికే మొరాయిస్తాయి.

ఇవి స్థూలమైన అంచనాలు మాత్రమే. ప్రతి మోడల్‌కూ తయారీ సంస్థ సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతే ప్రమాణం. వేగం కోసం ఎగ్జాస్ట్ పోర్టును పైకి పెంచిన ఇంజిన్ తక్కువ అంకె చూపిస్తుంది. పిస్టన్ ఆ పోర్టును మూసిన తర్వాతే అసలైన అదుము మొదలవుతుంది కాబట్టి అది సహజం.

సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా అంకెను మారుస్తుంది. సూరత్ దాదాపు సముద్ర మట్టంలో ఉంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి దాదాపు 6 శాతం తక్కువ. సూరత్‌లో 120 చూపిన ఇంజిన్‌ను హైదరాబాద్ తీసుకెళ్లి అదే గేజ్‌తో కొలిస్తే 112 దగ్గర ఆగవచ్చు. ఇంజిన్‌లో ఏ లోపమూ ఉండదు.

అందుకే ఒక్కసారి కొలిచిన అంకె కంటే, ఒకే గేజ్‌తో అప్పుడప్పుడూ కొలిచి రాసిపెట్టుకున్న అంకెల వరుసకు విలువ ఎక్కువ. ఆరు నెలల్లో 125 నుంచి 105కు పడిపోయిందంటే అరుగుదల జరుగుతున్నట్టే. రెండు సిలిండర్ల ఇంజిన్‌లో రెండింటి మధ్య 10 శాతం మించిన తేడా ఉంటే తక్కువ చూపిన వైపు వెతకాలి.

నూనె పరీక్ష ఏం చెబుతుంది?

అంకె తక్కువగా వస్తే, ప్లగ్ రంధ్రం గుండా అర చెంచా టూటీ ఆయిల్ పోసి, ఇంజిన్‌ను ఒకటి రెండుసార్లు నెమ్మదిగా తిప్పి, మళ్లీ కొలవాలి. అంకె గణనీయంగా పెరిగితే, నూనె కాసేపు రింగుల సందులను మూసిందని అర్థం. అంటే రింగులు లేదా సిలిండర్ గోడ అరిగాయి.

అంకె పెరగకపోతే హెడ్ గాస్కెట్ లేదా పిస్టన్ తలపై చిల్లు వైపు దృష్టి మళ్లించాలి. హెడ్ అంచున సబ్బు నీరు రాసి కిక్ కొడితే బుడగలు వస్తున్నాయేమో చూడవచ్చు. ప్లగ్ వాషర్‌ను కూడా మరచిపోకూడదు.

టూ-స్ట్రోక్‌లో ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పోసిన నూనె పోర్టుల గుండా త్వరగా జారిపోతుంది. అలాగే పదేపదే కిక్ కొట్టి పెట్రోలు నింపేసిన ఇంజిన్‌లో గోడ మీది నూనె పొర కొట్టుకుపోయి అంకె తాత్కాలికంగా తగ్గుతుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు.

హెడ్ విప్పకుండానే లోపలికి చూడవచ్చా?

చూడవచ్చు. టూ-స్ట్రోక్ ఇంజిన్ ఇచ్చే గొప్ప సౌలభ్యం ఇది. సైలెన్సర్ పైపు విప్పితే ఎగ్జాస్ట్ పోర్టు కనిపిస్తుంది. టార్చి వేసి, ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే పిస్టన్ పక్క భాగం, రింగులు ఆ కిటికీ గుండా కదులుతూ కనిపిస్తాయి. దీనికయ్యే ఖర్చు ఒక ఎగ్జాస్ట్ ప్యాకింగ్ మాత్రమే.

చిన్న పుల్లతో రింగును మెల్లగా నొక్కితే అది స్ప్రింగులా లోపలికి వెళ్లి తిరిగి రావాలి. కదలకపోతే మసితో గాడిలో ఇరుక్కుపోయిందని అర్థం. అలాంటప్పుడు గాడి శుభ్రం చేసి, రింగులు మారిస్తే సరిపోయే అవకాశం ఉంది.

పిస్టన్ మీది మచ్చలు కారణాన్ని కూడా చెబుతాయి. కార్బురేటర్ వైపు పిస్టన్ అంచు మసకబారి, సన్నని నిలువు గీతలతో ఉంటే దుమ్ము, ఇసుక లోపలికి వెళ్లినట్టు. ఎగ్జాస్ట్ వైపు లోహం కరిగి పూసినట్టు ఉంటే అతివేడి లేదా నూనె కొరత. పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల గీతలుంటే ఇంజిన్ వేడెక్కకుండానే గట్టిగా రేస్ ఇవ్వడం గానీ, బోర్ మరీ బిగుతుగా ఉండటం గానీ కారణం. పిస్టన్ తల మధ్యలో చిల్లు పడితే పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడటం, తప్పు ప్లగ్ వాడటం వంటివాటిని అనుమానించాలి.

హెడ్, సిలిండర్ విప్పాల్సి వస్తే రింగును ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి, దాని రెండు కొనల మధ్య సందును ఫిల్లర్ గేజ్‌తో కొలవాలి. మాన్యువల్‌లో చెప్పిన పరిమితిని మించితే రింగు అరిగినట్టే.

కింది గదిని ఎందుకు పరీక్షించాలి?

క్రాంక్ షాఫ్ట్ రెండు వైపులా రబ్బరు ఆయిల్ సీళ్లు ఉంటాయి. ఏళ్లు గడిచే కొద్దీ అవి గట్టిపడి బీటలు వారతాయి. మాగ్నెటో వైపు సీల్ కారితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. అప్పుడు మిశ్రమంలో పెట్రోలు పాలు, దానితోపాటు నూనె పాలు తగ్గుతాయి. ఇంజిన్ అతిగా వేడెక్కి పిస్టన్ గీరుకుపోతుంది. కంప్రెషన్ పడిపోతుంది.

గేర్‌బాక్స్ ఉన్న ఇంజిన్‌లో రెండో వైపు సీల్ కారితే గేర్ ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతుంది. తెల్లటి దట్టమైన పొగ రావడం, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ పోవడం దీనికి గుర్తులు.

పిస్టన్ మార్చి, సీల్ అలాగే వదిలేస్తే కొత్త పిస్టన్‌కూ అదే గతి పడుతుంది. సీళ్ల ధర, వాటిని మార్చే కూలి రీబోర్, పిస్టన్ ఖర్చుతో పోలిస్తే తక్కువే.

పరీక్ష కష్టమైనది కాదు. కార్బురేటర్ విప్పి ఆ దారిని, సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ దారిని రబ్బరు బిరడాలతో మూయాలి. ప్లగ్ బిగించి ఉంచాలి. పిస్టన్‌ను కిందికి దించి, చేతి పంపుతో 6 పీఎస్ఐ గాలి ఎక్కించాలి. అంతకు మించి ఎక్కిస్తే మంచి సీళ్లు కూడా ఊడిపోవచ్చు.

ఆరు నిమిషాల పాటు ఆ ఒత్తిడి దాదాపు నిలబడాలి. నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే వేగంగా పడిపోతే సబ్బు నీటితో సీళ్లు, సిలిండర్ కింది ప్యాకింగ్, కార్బురేటర్‌ను ఇంజిన్‌తో కలిపే రబ్బరు గొట్టం ఒక్కొక్కటిగా చూడాలి. బుడగ వచ్చిన చోటే లోపం.

సూరత్ వంటి చోట్ల పిస్టన్‌ను తినేసేవి ఏవి?

మొదటిది ఇసుక. క్వాడ్‌ల ఎయిర్ ఫిల్టర్ సాధారణంగా ఫోమ్‌తో చేసింది. దానికి ఫిల్టర్ నూనె పట్టిస్తేనే సన్నని ఇసుక ఆగుతుంది. పొడిగా ఉన్న ఫోమ్ గుండా డూమస్ తీరంలోని సన్నని ఇసుక జారిపోతుంది. తీరంలో నడిపిన ప్రతిసారీ ఫోమ్‌ను సబ్బు నీటిలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఫిల్టర్ పెట్టె లోపలి గోడ మీద వేలితో రాస్తే గరుకుగా ఇసుక తగిలితే, ఇంజిన్ అప్పటికే కొంత మింగిందని అర్థం.

రెండోది వరద నీరు. టూ-స్ట్రోక్‌లో క్రాంక్ బేరింగులకు పెట్రోలులో కలిసిన నూనె తప్ప మరో రక్షణ లేదు. నీరు చేరితే సిలిండర్ గోడ, బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. ముంపునకు గురైన బండిని కిక్ కొట్టి చూడకూడదు. నీటిని పిస్టన్ అదమలేదు. ఆ బలానికి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందుగా ప్లగ్ విప్పి, కార్బురేటర్, ట్యాంకు ఖాళీ చేసి, నీటిని బయటికి పంపి, లోపల నూనె పోసి, ఆ తర్వాతే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాలి.

మూడోది నూనె కలపడంలో లోపం. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపితే 50 పాళ్లకు ఒక పాలు, 40 మిల్లీలీటర్లు కలిపితే 25 పాళ్లకు ఒక పాలు. ఏది వాడాలో మాన్యువల్ చెబుతుంది. ఎక్కువ నూనె పోస్తే ఇంజిన్‌కు మేలని అనుకోవడం సరికాదు. జెట్ గుండా వెళ్లే ద్రవంలో నూనె పెరిగితే పెట్రోలు ఆ మేరకు తగ్గి మిశ్రమం పలచబడుతుంది, మసి కూడా పెరుగుతుంది.

నాలుగోది ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో దశలవారీగా అందుబాటులోకి వచ్చింది. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి. ఈ20కి సుమారు 13.5 రెట్లు చాలు. పాత జెట్ మార్చకుండా ఈ20 వాడితే మిశ్రమం కొంత పలచబడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునేలా తయారు కాని పాత రబ్బరు భాగాలు కూడా త్వరగా పాడవుతాయి.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని క్వాడ్ ట్యాంకులో, వర్షాకాలపు తేమలో, నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా చేరతాయి. టూటీ ఆయిల్ ఎక్కువగా పై పొరలోనే ఉండిపోతుంది. ఇంజిన్ ట్యాంకు అడుగు నుంచి పీల్చుకునేది నూనె లేని ద్రవమే. అందుకే నిల్వ ఉంచిన పాత మిశ్రమాన్ని పారబోసి, తాజాగా కలుపుకోవడం క్షేమం.

రింగులు చాలా, రీబోర్ కావాలా?

సిలిండర్ గోడ నునుపుగా ఉండి, వ్యాసం అన్ని చోట్లా మాన్యువల్ పరిమితిలోనే ఉంటే రింగులు మార్చి, గోడను తేలికగా హోనింగ్ చేస్తే సరిపోతుంది. గోరుకు తగిలేంత లోతైన గీతలున్నా, సిలిండర్ కోలగా అరిగినా రీబోర్ తప్పదు.

ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో దొరుకుతాయి. ముందుగా పిస్టన్ కొని, దాన్ని లేత్ షాపుకు తీసుకెళ్లి, దాని కొలతకు తగ్గట్టు బోర్ చేయించాలి. ముందు బోర్ చేయించి తర్వాత పిస్టన్ వెతకడం తలకిందుల పద్ధతి. నికెల్ పూత ఉన్న అల్యూమినియం సిలిండర్లను మామూలుగా రీబోర్ చేయకూడదు. ఇనుప స్లీవ్ ఉన్నవాటికే అది వర్తిస్తుంది.

పని అప్పగించేటప్పుడు మెకానిక్‌ను కొన్ని ప్రశ్నలు అడగాలి. పాత అంకె ఎంత? పిస్టన్ ఏ వైపు గీరుకుంది? సీళ్లు పరీక్షించారా? రీబోర్ తర్వాత పోర్టుల అంచులను నునుపు చేస్తారా? ఆ అంచులు పదునుగా ఉంటే కొత్త రింగులు వాటికి తగిలి విరుగుతాయి. పిస్టన్ పిన్‌ను పట్టి ఉంచే సర్‌క్లిప్‌లు కొత్తవే వేయాలి. పిస్టన్ తలపై బాణం గుర్తు ఉంటే అది ఎగ్జాస్ట్ వైపు చూస్తూ ఉండాలి. పాత పిస్టన్‌ను పారేయకుండా తిరిగి ఇవ్వమని అడగడం కూడా మంచిదే. దానిమీది గీతలే సాక్ష్యం.

బిగించిన తర్వాత ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఇలా రెండు మూడుసార్లు చేసి, హెడ్ బోల్టుల బిగింపు సరిచూడాలి. మొదటి రోజుల్లో ఎక్కువ బరువు, ఎక్కువ రేస్ పనికిరావు. ఆ దశ దాటాక మళ్లీ కంప్రెషన్ కొలిచి, తేదీతో సహా రాసిపెట్టుకోవాలి.

ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆపేయాలి?

యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం తగ్గకుండా మోగుతూ ఉంటే, కింది గదిలోకి గాలి చొరబడుతున్నట్లు బలమైన అనుమానం. యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కున్నా ఇలాగే జరుగుతుంది. రెండూ ప్రమాదకరమే. పిల్లలు నడిపే క్వాడ్‌లో ఇది ప్రాణాల మీదికి తేవచ్చు. స్విచ్‌తో ఇంజిన్ ఆపేసి, కారణం తెలిసే వరకు ఆ బండిని ఎవరికీ ఇవ్వకూడదు.

పిల్లల క్వాడ్‌లలో చాలావాటికి సీటు వెనుక లాగితే ఇంజిన్ ఆగిపోయే తాడు ఉంటుంది. ప్రతిసారీ బండి ఇచ్చే ముందు అది పనిచేస్తోందో లేదో చూడాలి. హెల్మెట్ తప్పనిసరి. ఒక్కరి కోసం తయారైన క్వాడ్‌పై ఇద్దరు ఎక్కకూడదు. తీరంలో వాహనాలు నడపడంపై స్థానిక పోలీసుల ఆంక్షలు ఉన్నాయేమో ముందే తెలుసుకోవాలి.

పరీక్షల వరుస ఇలా ఉండాలి: ముందుగా ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, ట్యాంకులోని పెట్రోలు చూడటం, తర్వాత గేజ్‌తో కొలవడం, ఆపై నూనె పరీక్ష, సైలెన్సర్ విప్పి పిస్టన్‌ను చూడటం, కింది గదిలో గాలి నిలుస్తోందో లేదో పరీక్షించడం. హెడ్ విప్పడం వీటన్నిటి తర్వాతే. మొదటి ఐదు పనులకు కావాల్సింది ఒక గేజ్, చేతి పంపు, సబ్బు నీరు, టార్చి, రెండు మూడు గంటల సమయం.